ఎన్నిసార్లు అడిగితే ధైర్యం వస్తది?



పోయిన నెల మన గోడపత్రికలో నేను తేలు కుట్టినప్పుడు చేయవలసిన ప్రథమ చికిత్స గురించి రాసినాను. ఈసారి సైన్స్ సార్ "శరీరం గురించి చాలా అయినయి, మనసు గురించి రాయి, అదీ సైన్సే" అన్నారు. మనసు గురించి ఏం రాయాలో ముందు తోచలేదు. కానీ మా డార్మిటరీలోనే ఒక పాఠం రోజూ రాత్రి నడుస్తున్నదని తర్వాత అర్థమైంది. ఒక చార్టులో పట్టలేదు. రెండో చార్టు పక్కనే అంటించినాను, బాణం గుర్తు చూసి చదవగలరు.

రాత్రి స్టడీ అవర్ అయిపోయి లైట్లు ఆర్పినంక, మా వరుసలో చివరి మంచం నుంచి ఒక ప్రశ్న వస్తది. 6వ తరగతి తమ్ముడు. పేరు రాయను. వాడిని అడిగి, వాడు సరే అన్నాకనే ఈ సంగతి రాస్తున్నాను.

"అన్నా, మా యాడికి ఏం కాదు గదా?"

"ఏం కాదురా, పండుకో."

ఐదు నిమిషాలు నిశ్శబ్దం. మళ్ళా, "అన్నా, నిజంగనే ఏం కాదు గదా?"

వాళ్ళ అమ్మా నాన్న హైదరాబాదులో బిల్డింగు పనికి పోయినారు. వేసవిలో ఆమెకు జ్వరం వచ్చి రెండు రోజులు దవాఖానల ఉన్నది. ఇప్పుడు బాగనే ఉన్నది. జూన్‌లో వాడు రాత్రికి ఒకసారి అడిగేవాడు. నేను డార్మిటరీ లీడర్‌ని కదా, పెద్దన్నలాగ ధైర్యం చెప్పేవాడిని. జూలైలో నాలుగైదుసార్లు అయింది. ఆగస్టులో ఒక రాత్రి నేను లెక్కపెట్టినాను: 14 సార్లు.

ఇక్కడనే నాకు లెక్కల ప్రశ్న ఒకటి తట్టింది. ఒకసారి ధైర్యం చెబితే భయం కొంత తగ్గుతది అనుకుందాం. 14 సార్లు చెబితే భయం పూర్తిగా పోవాలె. కానీ చెప్పేకొద్దీ అడగడం పెరిగింది. అంటే ఇది తీసివేత లెక్క కాదు. మరి ఏం లెక్క?

జవాబు వెతికితే ముందుగా మా తాత దగ్గర దొరికింది. అందుకే స్కైలాబ్ కథతో మొదలుపెడతాను.

స్కైలాబ్ అనేది అమెరికా వాళ్ళు 1973 మే 14న ఆకాశంలోకి పంపిన ప్రయోగశాల. బరువు సుమారు 77 టన్నులు. అందులో మనుషులు ఉండి పరిశోధనలు చేసి వచ్చినారు. ఆ తర్వాత అది ఖాళీగా తిరుగుతూ మెల్లమెల్లగా కిందికి జారింది. 1979లో అది భూమి మీద పడబోతున్నదని, ఎక్కడ పడుతదో కచ్చితంగా చెప్పలేమని వార్త వచ్చింది. ఇక మన తెలంగాణ పల్లెల్లో జనం పడ్డ భయం అంతా ఇంతా కాదు. ఎట్లాగూ చచ్చేదే గదా అని మేకలు, కోళ్ళు కోసుకుని తిన్నవాళ్ళున్నారు. ఉన్నదంతా అమ్ముకుని కల్లు తాగినవాళ్ళున్నారు. దీని మీద 2021లో 'స్కైలాబ్' అనే పేరుతో తెలుగు సినిమా కూడా వచ్చింది.

అప్పటికి మా తాతకు కొత్తగా పెండ్లయింది. మా తండాలో రేడియో లేదు. మూడు కిలోమీటర్ల దూరంలో ఊరిలో ఒక పంతులు ఇంట్లో ఉండేదట. తాత ప్రతి సాయంత్రం నడిచిపోయి "పంతులూ, మన మీద పడదు గదా?" అని అడిగేవాడు. పంతులు "పడదుపో" అనేవాడు. తాత చెప్పిన మాట ఇది: "ఊరు దాటేదాంక నిమ్మళముంటుండె. చింతచెట్టు కాడికి రాంగనే, పంతులుకు మాత్రం ఏమెరుక అనిపిస్తుండె. తండకొచ్చేసరికి పొద్దటికంటే ఎక్కువ భయం." ఆఖరి వారంలో తాత రోజుకు రెండుసార్లు పోయినాడట, మనిషి ఒకడు బాయికాడ పనంతా వదిలేసి!

స్కైలాబ్ 1979 జూలై 11న పడింది. మన టైము ప్రకారం రాత్రి 10 దాటినంక. ముక్కలు కొన్ని హిందూ మహాసముద్రంలో, కొన్ని పశ్చిమ ఆస్ట్రేలియాలో పడినాయి. ఎవరికీ దెబ్బ తగలలేదు. ఆస్ట్రేలియాలో ఎస్పరెన్స్ అనే ఊరివాళ్ళు మా ఊర్లో చెత్త వేసినారని అమెరికా అంతరిక్ష సంస్థకు 400 డాలర్ల జరిమానా రాసినారు. ఇది నవ్వుకోవడానికి రాసినాను, పరీక్షలో రాదు.

అసలు విషయం ఏమంటే, ఆ సంస్థ శాస్త్రజ్ఞులు ముందే లెక్క కట్టి చెప్పినారు: ఎవరో ఒక మనిషికి ముక్క తగిలే అవకాశం 152లో 1, ఫలానా ఒక్క మనిషికే తగిలే అవకాశం 60 వేల కోట్లలో 1. నేను ఈ అంకెను మా తాతకు చెప్పి, "అప్పుడే ఈ లెక్క తెలిస్తే భయం పోయేదా తాతా?" అని అడిగినాను. తాత కొంచెంసేపు ఆలోచించి "ఆ ఒక్కటి నేనైతే?" అన్నాడు.

మిత్రులారా, ఈ ఒక్క మాటలో పాఠం సగం ఉన్నది. భయపడే మనసు అడిగేది "తక్కువ" కాదు. "సున్నా" అడుగుతది. రేపటి గురించి సున్నా అని చెప్పగలిగేవాడు ఈ భూమి మీద లేడు. పంతులు చెప్పలేడు, డాక్టరు చెప్పలేడు, డార్మిటరీ లీడర్ అసలే చెప్పలేడు. నేను ఆ తమ్ముడితో "ఏం కాదు" అన్న ప్రతిసారీ నాకు తెలియనిది తెలిసినట్టు చెప్పినాను. వాడు చిన్నవాడే గాని ఆ సంగతి వాడికి ఎక్కడో తెలుసు. అందుకే "నిజంగనే?" అని మళ్ళా అడిగేది.

ఇంకొక ముచ్చట. 1990లలో మన దిక్కు ఇండ్ల తలుపుల మీద, గోడల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసి ఉండేదని పెద్దలు చెబుతారు. రాత్రిపూట ఒక దయ్యం వచ్చి తలుపు కొడుతదని, ఈ రాత చదివి రేపు వస్తానని వెళ్ళిపోతదని నమ్మకం. కర్ణాటకలో ఇదే మాటను కన్నడంలో "నాళె బా" అని రాసేవారు. మా నాయనమ్మ కూడా బొగ్గుతో రాయించిందట, ఆమెకు చదువు రాదు గనుక. రాసినంక నిద్ర పట్టేది. తెల్లారితే ఎవరూ రాలేదు. అందరూ ఏమనుకున్నరు? రాసినందుకే రాలేదు అనుకున్నరు. అక్షరాలు వానకు చెరిగిపోతే మళ్ళా భయం, మళ్ళా రాసుడు. రాయని ఇంటికి కూడా దయ్యం రాలేదు కదా అని చూసినవాళ్ళు తక్కువ. ఎందుకంటే రాయకుండ ఒక్క రాత్రి ఆగి చూసే ధైర్యం ఎవరికీ లేకపోయె.

తమ్ముడి ప్రశ్న కూడా తలుపు మీది రాత వంటిదే. నేను "ఏం కాదు" అంటాను. తెల్లారుతది. వాళ్ళ అమ్మకు ఏమీ కాలేదు. వాడి మనసు ఏం నేర్చుకుంటది? "అన్నను అడిగినందుకు రాత్రి గడిచింది" అని. అడగకున్నా గడిచేదే అని నేర్చుకునే అవకాశమే నేను వాడికి ఇవ్వలేదు.

ఇప్పుడు పాఠంలోకి పోదాం. మన జీవశాస్త్రం పుస్తకంలో హార్మోన్ల పాఠంలో అధివృక్క గ్రంథుల గురించి ఉన్నది. మూత్రపిండాల మీద టోపీల్లాగ ఉంటాయి. ప్రమాదం అనిపించగానే మెదడు లోపల బాదంగింజంత ఉండే అమిగ్డలా అనే భాగం గంట కొడుతది. అడ్రినలిన్ విడుదలై గుండె వేగంగా కొట్టుకుంటది, చేతులకు చెమట పడుతది, కడుపులో తిప్పినట్టయితది. పాము ఎదురైతే ఇది మంచిదే, ఉరకడానికి పనికొస్తది. కానీ ఈ గంటకు నిజం పాముకు, ఊహలో పాముకు తేడా సరిగ్గా తెలియదు. తెలుసుకోవలసింది ఇంకొకటి ఉన్నది. శరీరం ఈ గంటను ఎల్లకాలం కొట్టలేదు. మనం ఏమీ చేయకున్నా భయం చెరువు అలలాగ లేచి, కాసేపు నిలిచి, తనంతట తాను దిగుతది.

మనం దిగేదాంక ఆగము. అల లేస్తుండగానే ఎవరినన్నా అడుగుతము. వాళ్ళు "ఏం కాదు" అనగానే ఒక్కసారిగా హాయి. ఈ హాయి వల్లనే అడిగే అలవాటు గట్టిపడుతది. అమెరికా మనోవిజ్ఞాన శాస్త్రజ్ఞుడు స్కిన్నర్ దీనికి పెట్టిన పేరు తెలుగులో ఋణాత్మక పునర్బలనం. ఋణాత్మకం అంటే చెడ్డది అని అర్థం కాదు. ఒక బాధ తొలగిపోవడం వల్ల, దానికి ముందు చేసిన పని బలపడటం. కాలిలో ముల్లు తీస్తే హాయి కలిగినట్టే, ఇక్కడ ప్రశ్న అడిగితే హాయి. తేడా ఏమంటే ముల్లు తీస్తే పోతది. ఈ ముల్లు ప్రతి రాత్రి మళ్ళా మొలుస్తది, రోజురోజుకు కొంచెం తొందరగా మొలుస్తది.

మానసిక వైద్యులు దీన్ని బాగా పరిశీలించినారు. బ్రిటన్‌లో పాల్ సాల్కోవ్‌స్కిస్, హిల్లరీ వార్విక్ అనేవాళ్ళు 1986లో ఒక వ్యాసం ప్రచురించినారు. జబ్బు లేకున్నా నాకు పెద్ద జబ్బు ఉన్నదని భయపడి ఎప్పుడూ డాక్టర్లను, ఇంట్లోవాళ్ళను అడిగే రోగుల గురించి. ధైర్యం చెబితే కొద్దిసేపు తగ్గి మళ్ళా పెరుగుతున్నదని, అందరూ కూడబలుక్కుని ఆ ధైర్యం చెప్పడం ఆపితే కొన్నాళ్ళకు భయమే తగ్గుతున్నదని వాళ్ళు చూపినారు. వాళ్ళ లెక్కలో ధైర్యం చెప్పించుకోవడం కూడా పదేపదే చేతులు కడుక్కోవడం వంటిదే. అంతకు ఇరవై ఏండ్ల ముందు, 1966లో, లండన్‌లో విక్టర్ మేయర్ అనే ఆయన అట్లా చేతులు, వస్తువులు కడిగి కడిగి అలసిపోయిన ఒక రోగి గదిలో నీళ్ళ కుళాయిలే బంద్ చేయించినాడు. నర్సులు పక్కన ఉండి తోడిచ్చినారు. భయం మొదట్లో బాగా పెరిగినా తర్వాత తగ్గింది. మన హాస్టల్‌లో కుళాయిలు వాటంతటవే బంద్ అయితయి, అది వేరే సంగతి.

ఇక నా సొంత సంగతి. తమ్ముడి గురించి మాత్రమే రాసి నా గురించి దాచితే న్యాయం కాదు.

9వ తరగతిలో నాకు ట్రంకుపెట్టె తాళం పిచ్చి ఉండేది. పెట్టెలో ఉన్నది నాలుగు జతల బట్టలు, బాపు ఇచ్చిన 200 రూపాయలు. ప్రార్థనకు పోయేటప్పుడు తాళం వేసి గుంజి చూసేవాడిని. మెట్ల దాకా పోయి మళ్ళా వచ్చి గుంజేవాడిని. తర్వాత పక్క మంచం దోస్తును అడుగుడు మొదలైంది. "నేను తాళం వేసిన్నా? నువ్వు చూసినవా?" వాడు "వేసినవురా" అనేవాడు. ప్రార్థన నడిమిట్ల, తరగతిలో, అన్నం కాడ అడిగేవాడిని. రెండు నెలలకు వాడు మంచం మార్చుకున్నాడు. నాతో మాట్లాడటం మానేసినాడు. నేను వాడిని చాలా రోజులు తిట్టుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే వాడు రోజుకు పదిసార్లు సాక్షి చెప్పవలసి వచ్చింది.

అమెరికాలో జేమ్స్ కోయిన్ అనే ఆయన 1976లో దిగులు జబ్బు గురించి రాస్తూ ఇదే వరుసను చెప్పినాడు. దిగులు ఉన్నవాడు ధైర్యం అడుగుతడు, దగ్గరివాళ్ళు చెబుతరు, ఇతడు నమ్మక మళ్ళా అడుగుతడు, వాళ్ళకు విసుగొస్తది, ఆ విసుగు మొఖంలో కనిపిస్తది, అది చూసి ఇతడికి అనుమానం ఇంకా పెరుగుతది. చదివినప్పుడు నా దోస్తు మంచం మార్చిన రోజు గుర్తుకొచ్చింది.

తాళం విషయంలో నాకు ఒకటి వింతగా ఉండేది. ఎన్నిసార్లు చూస్తే అంత గట్టిగా గుర్తుండాలె గదా? నాకు ఉల్టా అయ్యేది. ఒకసారి చూసి పోయిన రోజు గుర్తుండేది. ఐదుసార్లు గుంజిన రోజు అసలు వేసిన్నా లేదా అని మసకమసకగా ఉండేది. నాకే మతిమరుపు వచ్చిందనుకున్నాను. కాదు. నెదర్లాండ్స్‌లో మార్సెల్ వాన్ డెన్ హౌట్, మెరెల్ కిండ్ట్ అనే ఇద్దరు దీని మీద ప్రయోగం చేసి 2003లో ప్రచురించినారు. కంప్యూటర్ తెర మీద గ్యాస్ పొయ్యి బొమ్మ. మామూలు మనుషులనే కూర్చోబెట్టి, కొందరితో ఆ పొయ్యి మీటలు తిప్పి ఆపి సరిచూసే పని 20 సార్లు చేయించినారు. ఇంకొందరితో పొయ్యికి బదులు బల్బులు సరిచూడమన్నారు. చివరికి "ఆఖరిసారి పొయ్యి ఏ మీటలు చూసినారు?" అని అడిగితే రెండు జట్లూ దాదాపు సమానంగానే సరిగ్గా చెప్పినాయి. అంటే జ్ఞాపకం చెడిపోలేదు. కానీ పొయ్యిని పదేపదే చూసినవాళ్ళకు ఆ జ్ఞాపకం మీద నమ్మకం పోయింది, కండ్లముందు స్పష్టంగా కనబడటం తగ్గింది. సరిచూసుకునుడే అనుమానాన్ని పుట్టించింది!

ఈ సంగతి చదివిన రోజు నేను పుస్తకం మూసి ఒక్కడినే నవ్వుకున్నాను. ఏడాది నుంచి నేను నా బుర్రను నిందిస్తున్నాను, పాపం దాని తప్పేం లేదు.

ఇక్కడ ఎవరైనా అడగవచ్చు: మరి అసలు ఎవరినీ ఏమీ అడగొద్దా? అట్లా కాదు. ఈ తేడా నాకు పుస్తకంలో కంటే మన భువనగిరి గుట్ట మీద బాగా తెలిసింది.

మన గుట్ట ఏకశిల అని, కోటను చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కట్టించినాడని, అందుకే ఆ పేరు వచ్చిందని సాంఘిక శాస్త్రంలో అందరం రాస్తాము. దాని మీదనే మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మొదట రాయి ఎక్కడం నేర్చుకున్నారు. ఇద్దరూ మనలాగే గురుకులం పిల్లలు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినారు. పూర్ణకు అప్పుడు 13 ఏండ్ల 11 నెలలు. ఈ సంగతి మీకందరికీ తెలిసిందే, ప్రతి ఆగస్టు 15 ఉపన్యాసంలో వింటాము.

పోయిన జనవరిలో మా తరగతిని ఆ గుట్ట మీదికి తీసుకపోయినప్పుడు నాకూ తాడు కట్టినారు. ఎక్కే ముందు నేర్పే అన్న నా నడుముపట్టీ బక్కిల్ చూసినాడు, ముడి చూసినాడు, నన్ను కూడా చూడమన్నాడు. నేను ఆయన దిక్కు తాడు చూసినాను. ఒక్కసారి, పూర్తిగా, ఇద్దరం చూసినాము. తర్వాత ఎక్కమన్నాడు. ఇరవై అడుగులు ఎక్కినంక నా కాళ్ళు వణికినయి. "అన్నా, పట్టుకున్నవా?" "పట్టుకున్న." ఇంకొక రెండు అడుగులు. "అన్నా, పట్టుకున్నవా?" "పట్టుకున్న." మూడోసారి అడిగితే ఆయన కోపం చేయలేదు. "ముడి ఇద్దరం చూసినం. నేను ఇక్కడనే ఉంటా. ఇగ ఆ మాట నేను చెప్ప. నీ కుడికాలు ఎక్కడ పెడ్తవో చెప్పు" అన్నాడు.

నాకు చాలా కోపమొచ్చింది. పైకి పోలేను, దిగలేను. రాయికి అతుక్కుని ఎంతసేపున్ననో తెలియదు, ఐదు నిమిషాలే అని తర్వాత చెప్పినారు. అడగడానికి లేదు గనుక కుడికాలు దిక్కు చూసినాను. అరచేతి వెడల్పు అంచు ఒకటి కనిపించింది. ఇంతసేపు నేను కింద ఆయన మొఖం చూస్తున్నందువల్ల ఆ అంచు కనబడలేదు. కాలు వణుకుతనే ఉన్నది, కానీ పెట్టినాను.

ముడి చూసుకోవడం అవసరం. అది సమాచారం. అది చూడకుండ ఎక్కేవాడు ధైర్యవంతుడు కాదు, తెలివి లేనివాడు. కానీ మూడోసారి "పట్టుకున్నవా" అన్నప్పుడు నాకు కొత్తగా తెలిసేదేమీ లేదు. జవాబు నాకు ముందే తెలుసు. అడిగింది తాడు కోసం కాదు, వణుకు ఆగడం కోసం. నేను ఇప్పుడు ఇట్లా గుర్తుపడుతున్నాను: జవాబు వినగానే నేను చేసే పని ఏమన్నా మారుతదా? పరీక్ష గది నంబరు అడిగితే మారుతది. గణితం పరీక్ష రాసి బయటికి వచ్చినంక "ఏడో లెక్కకు నీకెంత వచ్చింది" అని పదిమందిని అడిగితే ఏం మారుతది? పేపరు అప్పటికే కట్టలో కట్టినారు. తెల్లారి పరీక్షకు చదివే టైము మాత్రం పోతది.

మళ్ళీ తమ్ముడి దగ్గరికి వస్తున్నాను. పై సంగతులన్నీ చదివినంక నేను చేసిన మొదటి పని తప్పు పని. ఒక రాత్రి వాడు అడగంగనే "నేను ఇగ చెప్ప, సైన్స్ ప్రకారం చెప్పొద్దు" అన్నాను. వాడు దుప్పటి కప్పుకుని ఏడ్చినాడు. గుట్ట మీద అన్న నాతో "నేను ఇక్కడనే ఉంటా" అని ముందు అన్నాడు, ఆ ముక్క నేను మర్చిపోయినాను. లండన్‌లో కూడా నర్సులు పక్కన కూర్చున్నారు. జవాబు ఆపాలె గాని మనిషిని వదిలిపెట్టొద్దు. సార్‌కు చెబితే "వాడికి పగటిపూట, భయం లేనప్పుడు, ముందుగా చెప్పి చేయాలె. రాత్రి మీద పడితే వాడికి అది శిక్షలాగ ఉంటది" అన్నారు.

ఆదివారం పొద్దున బట్టలు ఉతికేటప్పుడు వాడికి చెప్పినాను. స్కైలాబ్ కథ, తలుపు మీది రాత కథ. దయ్యం కథ వాడికి చాలా నచ్చింది. ఇద్దరం ఒప్పందం చేసుకున్నాము. వార్డెన్ సార్ అనుమతితో ఆదివారం సాయంత్రం వాళ్ళ అమ్మతో ఫోన్. నిజం సమాచారం అక్కడ దొరుకుతది. మిగిలిన రాత్రులు అడిగితే నేను "ఏం కాదు" అనను. "భయమైతుందారా? నేను ఈడనే ఉన్న" అని మాత్రం అంటాను. వాడు పది వరకు మెల్లగా ఊపిరి లెక్కపెట్టాలె, భయం ఎంత ఉన్నదో పదికి మార్కులు వేసి చెప్పాలె. మార్కులు వేయడం వాడికి ఇష్టం. ఎందుకంటే ఎప్పుడూ సార్లే వేస్తారు.

మొదటి వారం పెరిగింది. 14 ఉన్నది 17 అయింది. ఇట్లా మొదట పెరగడం మామూలేనని, అప్పుడు లొంగిపోయి "ఏం కాదు" అంటే మొండిగా అడిగితే దొరుకుతదని మనసు నేర్చుకుంటదని సార్ ముందే చెప్పినారు. అయినా ఒక రాత్రి నేను లొంగిపోయినాను. తెల్లారి యూనిట్ టెస్ట్ ఉండె, నిద్ర వస్తుండె. మరుసటి రాత్రి 19. నోట్‌బుక్‌లో అది కూడా రాసిపెట్టినాను.

రెండో వారం 11, 9. వాడు చెప్పే మార్కులు కూడా ఎవరూ ధైర్యం చెప్పకుండనే 8 నుంచి 3కు దిగేవి, సుమారు అరగంటలో. వాడికి అది ఆశ్చర్యం. "అన్నా, నువ్వేం అనకున్నా తగ్గింది" అన్నాడు.

వార్డెన్ సార్లకు ఒక మనవి. తమ్ముళ్ళు ఒకే సంగతి పదిసార్లు అడిగితే విసుగొచ్చి "నోర్మూసుకో" అనడం, జాలిపడి పదిసార్లు చెప్పడం, రెండూ మనం చేస్తున్నాము. లీడర్లం కూడా చేస్తున్నాము. ఒకరు చెప్పనంటే వాళ్ళు ఇంకొకరి దగ్గరికి పోతారు. కాబట్టి అందరం ఒకటే మాట మీద ఉంటే బాగుంటదని నా అభిప్రాయం. తప్పయితే క్షమించగలరు.

ముఖ్యమైన సంగతి ఒకటి వేరే రంగు పెన్నుతో రాస్తున్నాను. ఎవరన్నా కొట్టినా, బెదిరించినా, ఒంట్లో బాగలేకున్నా, బతకొద్దు అనిపించినా, అది ధైర్యం చెప్పించుకునే అలవాటు కిందికి రాదు. అది ముడి ఊడిపోవడం. వెంటనే చెప్పాలె, వినేదాంక చెప్పాలె. వినేవాళ్ళు కూడా అప్పుడు ఈ వ్యాసం పక్కన పెట్టాలె. 2022 అక్టోబరు 10న ప్రభుత్వం టెలి మానస్ అనే ఫోన్ సేవ మొదలుపెట్టింది. నంబరు 14416. డబ్బులు పడవు, రాత్రి పగలు ఎత్తుతారు, తెలుగులో మాట్లాడుతారు. అలాగే కొందరికి ఈ అనుమానం, భయం చదువు సాగనీయనంత ఎక్కువ ఉంటది. దానికి డాక్టర్లున్నారు, చికిత్స ఉన్నది, తోటి పిల్లల ఒప్పందాలతో కుదరదు.

నా పెట్టె తాళం ఇప్పుడు ఒకసారి వేసి, వేసేటప్పుడు దాని దిక్కే చూసి, పోతున్నాను. వారానికి ఒకట్రెండుసార్లు మెట్ల కాడ కాళ్ళు ఆగుతయి. మంచం మార్చుకున్న దోస్తుకు ఈ వ్యాసం అంటించకముందే చదివి వినిపించినాను. "సాక్షి చెప్పుడు" అన్నకాడ వాడు నవ్వినాడు.

తమ్ముడి లెక్క: సెప్టెంబరు ఆఖరికి రాత్రికి 4. దసరా సెలవులకు వాళ్ళ అమ్మ దగ్గరికి పోయి వచ్చిన మొదటి రాత్రి మళ్ళా 8. నిన్న రాత్రి 3. మూడోసారి వాడు "అన్నా" అని పిలిచి, కాసేపు ఆగి, "ఏం లేదు, మార్కులు ఐదు" అన్నాడు.